పదును లెక్కలో భాష వాటా ఎంత? కర్నూలు, కడప నుంచి ప్రోగ్రామింగ్ భాషల మీద ఒక పరిశీలన

2016 జూన్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని 175 మంది రైతుల సెల్‌ఫోన్లకు తెలుగులో సందేశాలు రావడం మొదలైంది. వేరుశనగ ఏ రోజుల్లో విత్తుకోవాలి, విత్తనశుద్ధి ఎలా చేసుకోవాలి, గింజ ఎంత లోతున పడాలి, భూసార పరీక్షను బట్టి ఏ ఎరువు ఎంత వేయాలి, పశువుల ఎరువు ఎంత తోలుకోవాలి అన్నవి వాటిలోని సంగతులు. పంట చేతికొచ్చేలోపు ఇలాంటి సలహాలు పది విడతలుగా వెళ్ళాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన ప్రయోగం అది. సలహా పాటించిన రైతులకు హెక్టారుకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు. మరుసటి ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకు, వరి, మొక్కజొన్న, రాగి, పత్తి వంటి పంటలకు కూడా దీన్ని విస్తరించారు. అప్పుడు చెప్పిన పెరుగుదల పంటను బట్టి 10 నుంచి 30 శాతం.

ఇలాంటి సందేశాల వెనక నడిచేవి కంప్యూటర్ ప్రోగ్రాములే. వాటిని రాయడం నేర్చుకునే, కర్నూలు, కడప జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే జాబ్ వస్తుంది? సీ చాలా, జావా కావాలా, పైతాన్‌కు పోవాలా? ఆ ప్రశ్న వెనక కుటుంబాల అప్పులున్నాయి, వానాధారపు సేద్యం మీద నమ్మకం సడలిన తల్లిదండ్రులున్నారు. కాబట్టి దానికి అలవాటు మాటలతో కాక ఆధారాలతో జవాబు వెతకాలి. ఒక సమాచార వ్యవస్థ సరిగ్గా పనిచేయడంలో ప్రోగ్రామింగ్ భాష వాటా ఎంత? ఈ జిల్లాల వాళ్ళకు అందుబాటులో ఉన్న ఉదాహరణలతో, ప్రపంచంలో జరిగిన కొన్ని అధ్యయనాలతో ఆ వాటాను కొలిచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా అంచనా ముందే చెబుతాను. భాష ప్రభావం ఉంది, కానీ అది అంతటా సమానంగా పరుచుకుని లేదు. వేలు పెట్టి చూపగల కొన్ని చోట్ల అది గట్టిగా ఉంటుంది. మిగతా చోట్ల ఉన్నదని చెప్పడానికి ఆధారాలు బలహీనం.

ముందుగా ఆ 30 శాతం సంగతి. ఆ అంకెను జాగ్రత్తగా పట్టుకోవాలి. సందేశాల్లో విత్తే తేదీ ఒక్కటే లేదు. ఎరువు, విత్తనశుద్ధి, లోతు కూడా ఉన్నాయి. దిగుబడి పెరిగితే అందులో తేదీ వల్ల ఎంత, జింకు, బోరాన్ వంటి సూక్ష్మపోషకాల లోపం సరిదిద్దడం వల్ల ఎంత అని విడదీయడం కష్టం. పైగా కొత్త సలహాను విని పాటించే రైతు, పాటించని రైతు ఇతర విషయాల్లో ఒకేలా ఉంటారని అనుకోలేం. చదువు, బోరు, కాడెద్దులు లేదా ట్రాక్టరు అందుబాటు, చేతిలో డబ్బు, వీటిలో ఏ తేడా అయినా దిగుబడిలోకి చేరిపోతుంది. 2016 ఏడాది కూడా మామూలుది కాదు. ఆగస్టులో వానలు మొహం చాటేస్తే రాయలసీమలో ఎండుతున్న వేరుశనగకు రెయిన్‌గన్లతో తడులిచ్చే కార్యక్రమాన్ని ప్రభుత్వం చేపట్టింది. అటువంటి కాలంలో ఒక్క తడి అందిన చేనుకూ అందని చేనుకూ తేడా చాలా ఉంటుంది. ప్రయోగం పనికిరాదని నేననడం లేదు. ఆశ కలిగించే ఫలితమే. ఒక్క మండలంలో, ఒక్క ఖరీఫ్‌లో, 175 మందితో వచ్చిన ఫలితంగానే దాన్ని చదవాలంటున్నాను. రెండో ఏడాది అంకె 10 నుంచి 30 మధ్యకు పరుచుకోవడమే ఆ జాగ్రత్త అవసరాన్ని చెబుతోంది.

ఇక ఆ సలహా ఎలా తయారైంది? దేవనకొండ ప్రాంతపు 1986 నుంచి 2015 వరకు ముప్పై ఏళ్ళ వాతావరణ సమాచారాన్ని తీసుకున్నారు. దాని నుంచి తేమ సరిపోత సూచికను లెక్కగట్టారు. పంటకు అవసరమైన నీటిలో నేల, వాన కలిసి ఇవ్వగలిగినది ఎంత భాగం అన్నదే ఆ సూచిక. ఎండకు, గాలికి నేల నుంచి, మొక్క నుంచి ఎంత నీరు ఆవిరి కాగలదో ఒక అంకె. ఉన్న తేమలో నిజంగా ఎంత ఆవిరవుతుందో ఇంకో అంకె. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది సున్నాకూ ఒకటికీ మధ్య ఉంటుంది. పల్లెలో రైతు మట్టిని పిడికిట పట్టి చూసి పదునైందో లేదో చెప్పే తీర్పును అంకెల్లోకి తెచ్చే ప్రయత్నమిది. నేలను ఒక తొట్టి అనుకుంటే, రోజూ అందులోకి వచ్చే వాన, పోయే ఆవిరి, నిండితే పొర్లిపోయే నీరు, ఇంతే లెక్క. ఎర్రనేల తొట్టి చిన్నది, నంద్యాల వైపు నల్లరేగడి తొట్టి పెద్దది. ఆ సీజన్‌లో రోజువారీ వాన అంకెలు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంస్థ నుంచి వచ్చాయి. రాబోయే రోజుల అంచనాలు అమెరికాకు చెందిన ఎవేర్ సంస్థ నమూనాల నుంచి వచ్చాయి.

దీనికి వాడిన వేదిక మైక్రోసాఫ్ట్ వారి కోర్టానా ఇంటెలిజెన్స్ సూట్. మెషీన్ లెర్నింగ్, పవర్ బీఐ అందులో భాగాలు. ఆ కాలపు అజూర్ మెషీన్ లెర్నింగ్ స్టూడియోలో ఆర్ స్క్రిప్టు, పైతాన్ స్క్రిప్టు రెండూ పెట్టుకోవచ్చు. డేటాబేసు నుంచి సమాచారం తీయడానికి సాధారణంగా వాడేది ఎస్‌క్యూఎల్. పవర్ బీఐకి డాక్స్ అనే సొంత సూత్రభాష ఉంది. ఫోన్‌కు సందేశం చేరవేసే టెలికాం యంత్రాల లోపల ఇంకేవో భాషలుంటాయి. అంటే ఈ తరహా వ్యవస్థను ఏ భాషలో రాశారని అడిగితే ఒక్క పేరుతో జవాబు రాదు. ఐటీ రంగంలో రోజూ నడిచే పనుల్లో చాలావరకు ఇలాంటివే. రైతు భూమి వివరం చూసుకునే మీభూమి గానీ, ఉపాధి హామీ కూలీ లెక్కలు గానీ, బ్యాంకు పాసుపుస్తకం గానీ నాలుగైదు భాషలు ఒకదాని పనిని ఒకటి అందుకుంటే తప్ప నడవవు. ఏదో ఒక్క భాష నేర్చుకుంటే చాలన్న ఆలోచన ఇక్కడే తప్పుతుంది.

అయితే ఇదే లెక్కలో భాష తేడా నిజంగా దెబ్బకొట్టగల చోట్లు ఉన్నాయి. వాటిని కొంచెం నింపాదిగా చూడాలి.

మొదటిది భాగహారం. ఉదాహరణకు ఒక వారంలో ఆవిరి కాగలిగినది 42 మిల్లీమీటర్లు, నిజంగా ఆవిరైనది 28 మిల్లీమీటర్లు అనుకుందాం. సూచిక 0.67 దాకా రావాలి. సీ భాషలో ఈ రెంటినీ పూర్ణసంఖ్యలుగా ప్రకటించి భాగిస్తే వచ్చే జవాబు 0. జావాలోనూ అంతే. భిన్నాన్ని ఆ భాషలు కత్తిరించేస్తాయి, ఎక్కడా తప్పు అని చెప్పవు. ఆర్ భాషలో 0.67 వస్తుంది. పైతాన్ సంగతి మరీ గమనించదగ్గది. పాత పైతాన్ 2లో 0 వచ్చేది. 2008 డిసెంబరులో వచ్చిన పైతాన్ 3లో 0.67 వస్తుంది. ఎస్‌క్యూఎల్ అని ఒకే పేరుతో పిలిచే వాటిలో కూడా పోస్ట్‌గ్రెస్ 0 ఇస్తుంది, మైఎస్‌క్యూఎల్ భిన్నం ఇస్తుంది. పైతాన్ 2లో ఇంకో చిక్కు ఉండేది. అంకెల్లో ఒకటి 42.5 అయితే లెక్క సరిగ్గా వచ్చేది, రెండూ పూర్ణసంఖ్యలైన రోజు మాత్రమే సున్నా వచ్చేది. అలాంటి తప్పు పరీక్షల్లో బయటపడకుండా, ఏదో ఒక వారం పదునైన నేలను ఎండినట్టు చూపించగలదు. పైతాన్ 2కు అధికారిక మద్దతు 2020 జనవరి 1న ముగిసింది. అంటే పాత కోడ్‌తో నడిచే చోట ఈ సమస్య నిన్నమొన్నటిదే.

రెండోది ఖాళీ. మెట్ట ప్రాంతానికి ఇది భాగహారం కంటే ముఖ్యమని నేననుకుంటున్నాను. ఒక వానమాపిని నుంచి ఒకరోజు సమాచారం రాలేదు. బ్యాటరీ పోయి ఉండవచ్చు, సిగ్నల్ లేకపోయి ఉండవచ్చు. వాన పడకపోవడం వేరు, వాన లెక్క రాకపోవడం వేరు. సీ భాషలోని మామూలు పూర్ణసంఖ్యకు విలువ లేదు అని చెప్పే మార్గం లేదు. ప్రోగ్రామరు ఏదో ఒక అంకె పెట్టాలి. కొందరు 0 పెడతారు, కొందరు -999 పెడతారు. మొదటిది లేని కరువును చూపిస్తుంది, రెండోది తర్వాత వచ్చే మనిషి గమనించక కూడితే నెల వర్షపాతాన్ని రుణసంఖ్య చేస్తుంది. ఆర్ భాషలో లేని విలువకు ప్రత్యేక గుర్తు ఉంది. దాన్ని కలిపి కూడితే మొత్తం కూడా తెలియదనే వస్తుంది, వదిలేసి కూడమని విడిగా చెప్పాలి. ఎస్‌క్యూఎల్‌లో నల్ అనే గుర్తు ఉంది గానీ, కూడిక చేసేటప్పుడు దాన్ని చెప్పకుండా వదిలేస్తుంది. పైతాన్‌లో డేటా పనులకు ఎక్కువమంది వాడే పాండాస్ కూడా మామూలుగా వదిలేస్తుంది. వదిలేయడమంటే ఆ రోజు సున్నా వాన పడినట్టు లెక్కించడమే. ముప్పై రోజుల్లో మూడు నాలుగు వానలే పడే జూన్ నెలలో ఆ ఖాళీ రోజే 40 మిల్లీమీటర్ల వాన పడి ఉంటే, విత్తమని చెప్పాల్సిన చోట ఆగమని చెప్పినట్టవుతుంది.

ఇక్కడ ఏ భాష మంచిది అన్న తీర్పు కుదరదు. ఆర్ పద్ధతి జాగ్రత్తగలది. కానీ వందల మాపినుల సమాచారం మీద రోజూ తనంతట తాను నడవాల్సిన వ్యవస్థలో ఒక్క ఖాళీకి మొత్తం తెలియదని వస్తే పని ఆగిపోతుంది. ఎస్‌క్యూఎల్ పద్ధతి పని ఆగనివ్వదు, కానీ తప్పును దాస్తుంది. ఏది ఎక్కడ ఏం చేస్తుందో తెలిసిన మనిషి రెంటినీ సరిగ్గా వాడగలడు. ఆ తెలివి భాషా వ్యాకరణం నుంచి మాత్రమే రాదు. వానమాపిని ఎలా పనిచేస్తుందో, మృగశిర కార్తెలో ఒక్క వాన ఎంత ముఖ్యమో తెలిసినవాడికే ఆ ఖాళీ గడి అనుమానం కలిగిస్తుంది. ఈ జిల్లాల పిల్లలకు, శెనక్కాయ చేలల్లో పెరిగినవాళ్ళకు, ఇది చదువుతో కొని తెచ్చుకోనక్కర్లేని ఆస్తి. దాన్ని ఆస్తిగా లెక్కించే పాఠ్యప్రణాళికలు మనకు అరుదు.

మూడోది తెలుగు అక్షరం. విత్తుకోండి అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో అది 11 సంకేతాలు. పైతాన్ 3, జావా దాని పొడవు అడిగితే 11 అంటాయి. యూటీఎఫ్-8 రూపంలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి, సీ భాషలో మామూలు పద్ధతిలో పొడవు అడిగితే 33 వస్తుంది. మూడూ తప్పు కావు, మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో ఒకసారికి 160 అక్షరాలు పడితే, తెలుగు వంటి లిపుల్లో పంపేటప్పుడు 70 సంకేతాలే పడతాయి. పొడుగు సందేశాన్ని ముక్కలు చేసి పంపితే ముక్కకు 67. అంటే ఒక ముక్కలో విత్తుకోండి వంటి మాటలు ఆరు పట్టడమే గగనం. ముక్క ఎక్కడ కోయాలో నిర్ణయించే కోడ్ బైట్లను లెక్కిస్తోందా, సంకేతాలను లెక్కిస్తోందా అన్నది తేల్చుకోకపోతే మాట మధ్యలో తెగుతుంది. తెలుగులో విత్తుకోండి, విత్తకండి అన్న రెంటికీ మొదలు దాదాపు ఒకటే, తేడా ఆ తర్వాతే తెలుస్తుంది. చివర తెగిన సలహా అసలు లేని సలహా కంటే ప్రమాదం.

తెలుగు లిపికీ ప్రోగ్రామింగ్ భాషల స్వభావానికీ సంబంధాన్ని ప్రపంచమంతా చూసిన సందర్భం ఇంకొకటుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న అక్షరానికి సంబంధించిన ఒక సంకేతాల వరుస ఐఫోన్లలో కనిపించగానే సందేశాల యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. కోర్‌టెక్స్ట్ అనే అక్షరాలు పేర్చే భాగంలో మెమరీ చెడిపోవడం కారణమని తన భద్రతా ప్రకటనలో పేర్కొంది. సీ, సీ++ వంటి భాషల్లో మెమరీ హద్దులు దాటకుండా చూసుకునే బాధ్యత ప్రోగ్రామరుదే. జావా, పైతాన్, రస్ట్ వంటివి ఆ బాధ్యతలో పెద్ద భాగాన్ని తామే తీసుకుంటాయి. ఇది చిన్న తేడా కాదు. తమ ఉత్పత్తుల్లో ఏటా నమోదయ్యే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆండ్రాయిడ్‌లో ఈ రకం లోపాల వాటా 2019లో 76 శాతం ఉండగా, కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాయడం పెంచాక 2024 నాటికి 24 శాతానికి తగ్గిందని గూగుల్ ప్రకటించింది. ఇవి ఆయా కంపెనీల సొంత లెక్కలే. ఆ అయిదేళ్ళలో పరీక్షా సాధనాలు కూడా మెరుగయ్యాయి. అయినా ఇంత తగ్గుదలను భాషతో సంబంధం లేదని కొట్టిపారేయడం కష్టం. ఒక రకం తప్పుల విషయంలో భాష ఎంపిక ముఖ్యమని చెప్పడానికి మన దగ్గరున్న బలమైన ఆధారం ఇదే.

మొత్తంగా చూస్తే ఏ భాషలో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు తక్కువ అన్న పెద్ద ప్రశ్నకు మాత్రం జవాబు ఇంత తేటగా లేదు. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు బైషఖీ రే తదితరులు గిట్‌హబ్‌లోని 729 ప్రాజెక్టులను, 17 భాషలను, 8 కోట్ల వరుసల కోడ్‌ను పరిశీలించారు. కొన్ని భాషలకు తప్పులతో సంబంధం కనిపిస్తోందని, అయితే ప్రభావం చిన్నదని రాశారు. తర్వాత చాలామంది ఆ వ్యాసంలో మొదటి సగాన్నే ఉదాహరించారు. 2019లో ఎమెరీ బెర్గర్, యాన్ వీటెక్ తదితరులు అదే సమాచారాన్ని మళ్ళీ విశ్లేషించారు. ముందు 11 భాషలకు కనిపించిన సంబంధం నాలుగింటికే మిగిలింది, అదీ చాలా చిన్నది. ఒక ముఖ్యమైన కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. టైప్‌స్క్రిప్ట్ ఫైళ్ళకు ఉండే .టీఎస్ అన్న తోకే అనువాదపు పాఠాల ఫైళ్ళకు కూడా ఉంటుంది. ప్రోగ్రామే కాని ఆ ఫైళ్ళు టైప్‌స్క్రిప్ట్ లెక్కలో కలిసిపోయాయి. కోట్ల వరుసలను కొలిచిన అధ్యయనం కూడా ఏది కొలుస్తున్నామన్న మొదటి ప్రశ్న దగ్గరే తడబడగలదు. ఏ భాష గొప్పదో చెప్పే జాబితాలను చూసినప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే టియోబీ ర్యాంకులు, ఉదాహరణకు, ఆయా భాషల పేర్లు వెతుకులాట సైట్లలో ఎన్నిసార్లు కనిపిస్తాయన్న దాని మీద ఆధారపడినవి. ఉద్యోగాల సంఖ్యను గానీ, కర్నూలు పిల్లవాడికి రాగల అవకాశాన్ని గానీ అవి కొలవవు.

నేర్చుకోవడం సంగతికి వద్దాం. ఈ రెండు జిల్లాల్లో కంప్యూటర్ చదువుకు చరిత్ర ఉంది. కడపలో కేఎస్ఆర్ఎం, కర్నూలులో 1984లో మొదలైన జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ తొలితరం ప్రైవేటు కాలేజీలు. 2008లో ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం క్యాంపస్ మొదలైంది, 2015లో కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎం ఏర్పాటైంది. ట్రిపుల్ ఐటీ అనే పిలిచే ఇడుపులపాయ క్యాంపస్ ప్రత్యేకత వేరు. పదో తరగతి మార్కులతో, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు మార్కులు కలిపి, ఆరేళ్ళ చదువుకు తీసుకుంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పల్లెటూరి పిల్లలు మొదటిసారి ఇంగ్లీషు పాఠాన్నీ, సీ భాషనూ పక్కపక్కనే ఎదుర్కొన్న చోటు అది.

మన కాలేజీల్లో ఏళ్ళ తరబడి మొదటి భాష సీ. దాని బదులు పైతాన్ పెడితే ఎక్కువమంది పాసవుతారా? క్రిస్టఫర్ వాట్సన్, ఫ్రెడరిక్ లీ 2014లో 15 దేశాల్లోని 161 తొలి ప్రోగ్రామింగ్ కోర్సుల ఫలితాలను పోల్చారు. సగటున పాసైనవారు 67.7 శాతం. ఏ భాషలో బోధించారన్నది ఆ శాతాన్ని పెద్దగా మార్చలేదు. ఇంకోవైపు ఆండ్రియాస్ స్టెఫిక్, సుసానా సీబర్ట్ 2013లో చేసిన ప్రయోగంలో కొత్తవాళ్ళు పెర్ల్, జావా తరహా వాక్యాలు రాయడంలో చూపిన కచ్చితత్వం, గుర్తులను ఇష్టమొచ్చినట్టు ఎంచి తయారుచేసిన ఒక కృత్రిమ భాషలో చూపినదాని కంటే గణనీయంగా మెరుగ్గా లేదు. పైతాన్, రూబీ, క్వోరమ్‌లలో మెరుగ్గా ఉంది. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. మొదటి గంటల్లో వ్యాకరణం అడ్డు తగలడం నిజం కావచ్చు. ఆరు నెలల కోర్సు ముగిసేసరికి బోధన, సాధన, పరీక్ష తీరు ఆ తేడాను మింగేయడం కూడా నిజం కావచ్చు.

ప్రోగ్రామింగ్ భాషను పక్కనపెట్టి పాఠం చెప్పే భాషను చూస్తే ఆధారాలు ఇంకా తక్కువ, కానీ మనకు దగ్గరివి. ఫిలిప్ గువో 2018లో 86 దేశాలకు చెందిన, 74 మాతృభాషల 840 మందిని అడిగితే, ఇంగ్లీషు పాఠ్యం చదవడం, దోష సందేశాలు అర్థం చేసుకోవడం, కోడ్ రాస్తూనే ఇంగ్లీషు నేర్చుకోవాల్సి రావడం ఇబ్బందులుగా చెప్పారు. ఇది వాళ్ళు చెప్పుకున్న మాట, కొలిచిన ఫలితం కాదు. సయామిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ 2017లో స్క్రాచ్ వాడే పిల్లల సమాచారాన్ని పరిశీలించి, తమ భాషలో ఉన్న ఆదేశాలతో మొదలుపెట్టినవారు అదే దేశంలో ఇంగ్లీషు ఆదేశాలతో మొదలుపెట్టినవారి కంటే వేగంగా కొత్త అంశాలను వాడడం గమనించారు. కానీ స్క్రాచ్ దిమ్మెలు పేర్చే పద్ధతి, సీ లాగా రాసేది కాదు. ఇడుపులపాయ పిల్లలకు అదే ఫలితం వస్తుందని ఇప్పుడే చెప్పడం తొందరపాటు అవుతుంది. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ఒక మధ్యేమార్గం చూపింది. తెర మీద సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులోనే ఉంటుంది, వివరణ తెలుగుతో సహా భారతీయ భాషల్లో వినిపిస్తుంది. ఉద్యోగంలో ఎదురయ్యే తెరకు పిల్లవాణ్ణి దూరం చేయకుండా అర్థాన్ని దగ్గర చేసే ఈ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. నచ్చడం రుజువు కాదు, అందుకే చివరన దాని గురించి మళ్ళీ రాస్తాను.

ఉద్యోగాల అంకెల విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2017లో ఆస్పైరింగ్ మైండ్స్ సంస్థ 500కు పైగా కాలేజీల్లోని 36,000 మంది ఐటీ సంబంధిత విద్యార్థులకు కోడింగ్ పరీక్ష పెట్టి, సరైన తర్కంతో ప్రోగ్రాం రాయగలిగినవారు 4.77 శాతమేనని ప్రకటించింది. పత్రికల్లో ఆ అంకె మారుమోగింది. పరీక్షలు అమ్మడమే ఆ సంస్థ వ్యాపారం. ఒక్క పరీక్ష, ఒక్కరోజు, ఒక్క తరహా ప్రశ్నలు. అయినా అంకెను సగానికి సగం సవరించి చదివినా అది ఆందోళన కలిగించేదే. గమనించాల్సింది ఏమిటంటే, అందులో బయటపడిన లోపం ఫలానా భాష రాకపోవడం ఒక్కటే కాదు. సమస్యను అడుగులుగా విడగొట్టలేకపోవడం కూడా. ఒక భాషలో అది చేయలేని విద్యార్థికి ఇంకో రెండు భాషల సర్టిఫికెట్లు జోడిస్తే ఆ కొరత తీరుతుందని నమ్మడానికి ఆధారం కనిపించదు.

భాషలు పోతాయి, వాటిలో రాసిన ఆలోచనలు నిలవవచ్చు. దీనికి సీమ నుంచే ఒక సాక్ష్యం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, లిస్ప్ భాషను రూపొందించిన జాన్ మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పూర్తిచేశారు. తర్వాత కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం మాటను గుర్తుపట్టే హియర్‌సే-2 వ్యవస్థను నిర్మించింది. దాన్ని రాసింది సెయిల్ అనే భాషలో. ఇవాళ సెయిల్ తెలిసినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. కానీ వేర్వేరు నిపుణ భాగాలు ఒకే నల్లబల్ల మీద తమ ఊహలను రాస్తూ, ఒకదాని ఊహను ఇంకొకటి సరిదిద్దుతూ జవాబుకు చేరే ఆ నిర్మాణం కృత్రిమ మేధ పుస్తకాల్లో స్థిరపడింది. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇడుపులపాయ క్యాంపస్ ఉన్న విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి ఛాన్సలర్. అయితే ఒక్క మనిషి జీవితాన్ని గణాంకంగా చూపకూడదు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1959 నాటి కోబాల్ బ్యాంకుల్లో ఇప్పటికీ బతికే ఉంది. 2000 సంవత్సరపు తేదీ సమస్య వచ్చినప్పుడు అదే భాష నేర్చుకుని విమానమెక్కిన తెలుగువాళ్ళు తక్కువమంది కాదు. సరైన సమయంలో ఫలానా భాష తెలిసి ఉండడం వల్ల జీవితం మారిన సందర్భాలు నిజమే. అవి ముందుగా ఊహించి పట్టుకోగలిగినవి కావన్నదే ఇబ్బంది.

పాఠాన్ని తెలుగులో వివరిస్తే తేడా వస్తుందా అన్న, ఇక్కడ తేల్చగల ప్రశ్న ఒకటి మిగిలింది, తేల్చడానికి అనువైన చోటూ ఈ జిల్లాల్లోనే ఉంది. ఇడుపులపాయ వంటి క్యాంపస్‌లో ఏటా వందల మంది పిల్లలు ఒకే సమయంలో, ఒకే సిలబస్‌తో సీ మొదలుపెడతారు. ల్యాబ్ బ్యాచ్‌లను చీటీలు తీసి రెండుగా విడగొట్టవచ్చు. తెర, కోడ్, పరీక్ష అందరికీ ఇంగ్లీషులోనే. వివరణ మాత్రం సగంమందికి తెలుగులో, సగంమందికి ఇంగ్లీషులో. మొదటి ప్రోగ్రాం తప్పు లేకుండా నడవడానికి ఎంతసేపు పట్టింది, ఏ దోష సందేశం దగ్గర ఎక్కువసేపు ఆగారు, సెమిస్టర్ చివర ఎంతమంది మిగిలారు అన్నవి యంత్రమే నమోదు చేస్తుంది. ప్రశ్నల్లో ఒకటి వానమాపిని లెక్కే కావాలి: కొన్ని రోజులు ఖాళీగా ఉన్న వర్షపాతపు పట్టిక ఇచ్చి, తేమ సరిపోత సూచిక లెక్కగట్టమనాలి. ఖాళీని సున్నా చేశారా, వదిలేశారా, ఉపాధ్యాయుణ్ణి అడిగారా అన్నది విడిగా గుర్తించాలి. పదో తరగతి ఏ మాధ్యమంలో చదివారన్నది ముందే రాసుకోవాలి, లేకపోతే ఫలితం ఎవరికి వర్తిస్తుందో చెప్పలేం. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు వివరణ విన్న బ్యాచ్‌లకు రెండో సెమిస్టర్‌లో తెలుగు వివరణ కూడా అందుబాటులో పెట్టాలి, ప్రయోగం పేరుతో ఎవరినీ వెనకబెట్టే హక్కు మనకు లేదు. తేడా రాకపోతే ఆ సంగతిని కూడా అంతే స్పష్టంగా ప్రచురించాలి. ఒక్క ఏడాది ఫలితంతో సిలబస్ మార్చకుండా, కర్నూలులోనో నంద్యాలలోనో ఇంకో కాలేజీలో అదే ప్రయోగాన్ని వేరే ఉపాధ్యాయులతో మళ్ళీ చేసి చూడాలి.